ఎర్ర ట్రాక్టరు, పడాక్ దూలం

మా ఇంట్లో ఏది కొన్నా దాని జతది కూడా కొంటాం. కుక్కరు కొన్ననాడే రబ్బరు రింగులు కొని అటక మీద పడేస్తాం. ఫ్యానుతో పాటు కెపాసిటరు, కుళాయితో పాటు వాషర్లు. ద్వీపంలో పుట్టినవాళ్ళందరికీ కొద్దో గొప్పో ఉండే జబ్బే ఇది. నాకు మాత్రం బాగా ముదిరింది. హాడోలో రేవు పక్కనే ఉన్న సరుకుల ఆఫీసులో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. నా కుర్చీలో కూర్చుంటే కిటికీలోంచి క్రేను కనబడేది. దిగిన సరుకు కంటే దిగని సరుకు గురించి వచ్చే ఫోన్లే ఎక్కువ. "ఈ ఓడలో రాలేదండీ, వచ్చే ఓడలో వస్తుంది" అనే మాట నేను చెప్పినన్నిసార్లు ఏ పూజారీ మంత్రం చెప్పి ఉండడు.

మా ఆయనకి పోర్ట్ బ్లెయిర్ బజారులో హార్డ్‌వేర్ షాపు ఉంది. కనక ఆయనా నా బాపతే. ఇద్దరం డిగ్నాబాద్‌లో మేకులూ బోల్టులూ నిండిన ఇంట్లో సుఖంగా ఉండేవాళ్ళం.

మాయాబందర్ దాటి కొంచెం లోపలికి వెళ్తే, రెండు కొండల మధ్య మా నాన్న మడి ఉంది. వాలు మీద పోక చెట్లు, కింద వరి మడి, మధ్యలో రేకుల ఇల్లు. నాన్న పోయాక కొన్నేళ్ళు కౌలుకిచ్చాం. కౌలు చేసేవాళ్ళు పోర్ట్ బ్లెయిర్ వచ్చేశాక మడిలో తుంగ మొలిచింది. కాంట్రాక్టులు చేసే మా అన్నయ్యకి ఎవరో సేటు దొరికాడు. అక్కడ కాటేజీలు కట్టి టూరిస్టులకి అద్దెకిస్తాడట. అమ్మాలంటే నా సంతకం కూడా కావాలి.

నేను పెట్టనన్నాను. ఆ మడి పోతే నాన్న పోయినప్పటికంటే ఎక్కువ ఏడుస్తానని నాకు తెలుసు. కాని ఆ మాట అన్నయ్యతో అనలేదు, భూమి ధర పెరుగుతుందన్నాను. మా ఇంట్లో అందరం పట్టిన కుందేళ్ళకీ మూడే కాళ్ళు. చాలాసేపు వాదించి వాదించి చివరికి వాడే దిగొచ్చాడు.

"సరే, ఒక్క పంట తియ్యి. నువ్వక్కడ ఉండగలవని చూపించు. లేదంటే నో బహస్, వాదించకుండా సంతకం పెట్టెయ్యాలి," అన్నాడు.

అలా రిటైరైన మనిషిని ట్రాక్టరు కొనే పనిలో పడ్డాను.

అద్దెకి దున్నించుకోవచ్చు కదా అని మా ఆయన అడిగాడు. అడగొచ్చు. కాని ఒకరి గుమ్మం ఎక్కి వస్తువు అడగడమంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్ళు మంట. దానికి కారణం నాన్నే. మా నాన్న వస్తువేదీ మా ఇంట్లో ఉండేది కాదు. గొడ్డలి ఒకరింట్లో, వల ఇంకొకరింట్లో, గునపం మూడో ఇంట్లో. కొబ్బరికాయ ఒలవాలంటే అమ్మ ముందు మా ఇద్దరినీ గునపం వెతకడానికి తోలేది. నేనూ అన్నయ్యా ఇల్లిల్లూ తిరిగి, ప్రతి ఇంట్లో ఏదో ఒకటి తిని, చివరికి గునపం మోసుకొచ్చేవాళ్ళం. "మన వస్తువు మన కంటికి కనబడే భాగ్యం ఈ ఇంట్లో లేదు," అని అమ్మ రోజూ సణిగేది. నాకు అమ్మ మాటే సబబుగా తోచేది. నా ఇల్లంటూ వచ్చాక నా వస్తువు నా ఇంట్లోనే ఉండాలని అప్పుడే అనుకున్నాను.

మా ఆయన రాత్రి భోజనాల దగ్గర ఫోన్ గోడకి ఆనించి ట్రాక్టరు వీడియోలు పెట్టేవాడు. ఎవరో పంజాబీ రైతు నల్లటి నేలలో దుక్కి దున్నుతుంటే మేము చేపల పులుసు తినేవాళ్ళం. ఆయన మనసు నాలుగు చక్రాలూ లాగే పెద్ద నీలం బండి మీద ఉంది. షోరూముకి తీసుకెళ్ళి దాని చుట్టూ ప్రదక్షిణ చేశాడు. సేల్స్‌మన్‌ని అడగని ప్రశ్న లేదు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అన్నట్టు, పాపం అతను నూనె డబ్బా దగ్గర నుంచి సీటు కింద స్ప్రింగు దాకా అన్నీ విప్పి చూపించాడు. పక్కనే ఒక చిన్న బండి ఉంది, తోటల కోసం చేసింది. పోక వరసల మధ్య దూరిపోతుంది. కాని మా మడి బురద మోకాలి లోతు, అందులో దాని బలం చాలదు. పెద్ద బండేమో బరువుకి అదే బురదలో దిగబడుతుంది. ఈ లెక్క నేను చెబితే మా ఆయన మొహం ముడుచుకున్నాడు.

"మడి చూడకుండా బండి ఎలా కొంటాం? ముందు వెళ్ళి చూసొస్తాను," అని నేను మాయాబందర్ బస్సెక్కాను.

మా మడికి పైన ఉన్న మడి ఒక తెలుగావిడది. వాళ్ళ తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చారు. ఆవిడ మాత్రం ఇక్కడే పుట్టి, ఇక్కడే మనవల్ని ఎత్తింది. నన్ను గట్టు మీద కూర్చోబెట్టి టీ ఇచ్చింది. ట్రాక్టరు సంగతి చెప్పాను.

"బండి మాత్రం ఎర్రదే తీస్కోండి, దీదీ. మా లైన్లో అందరిదీ అదే. పార్ట్ పోతే ఓడ వచ్చీ దాకా కూకుంటారా ఏటి? ఎవరో ఒకరింట్లో ఉంటాది. బండి తెచ్చీయండి, సామాను సంగతి తరవాత చూద్దాం. జల్దీ ఏటీ లేదు," అంది.

మొదటి సగం నాకు వెంటనే ఎక్కింది. ఆ లోయలో ఉన్న బండ్లన్నీ ఒకే కంపెనీవి, మరీ పెద్దవీ కావు, చిన్నవీ కావు. ఒకరి ఫిల్టరు ఇంకొకరికి సరిపోతుంది, ఒకరి బెల్టు ఇంకొకరికి. మంచి బండి ఏదని ఎవరూ అడగరు, పక్కింట్లో ఏ బండి ఉందని అడుగుతారు. ఓడల మీద బతికే చోట ఇంతకంటే తెలివైన పద్ధతి ఉండదు. పోర్ట్ బ్లెయిర్ వచ్చి ఎర్ర బండి అన్నాను. మా ఆయన నీలం బండి కోసం రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు ఎర్రదాని వీడియోలు మొదలుపెట్టాడు.

రెండో సగం, సామాను తరవాత చూద్దామన్న మాట, నేను అసలు చెవిన వేసుకోలేదు. హాడోలో పనిచేసిన మనిషికి తరవాత అనే మాట ఎక్కడ ఎక్కుతుంది? అప్పుడే ఆర్డరు పెట్టకపోతే వానల్లో ఓడ కోసం కూర్చోవాలి. అందుకని అన్నీ ఒకేసారి చెప్పాం. దుక్కికి గొర్రు, మట్టిని పిండి చేసే రోటావేటరు, బురదలో దమ్ము చేయడానికి ఇనుప చక్రాలు, మడి చదును చేసే ఇనుప బ్లేడు, సామాను మోయడానికి ట్రాలీ. కొబ్బరి మొక్కలకి గుంతలు తవ్వే బర్మా మా ఆయన తన తరఫున కలిపాడు. ప్రతి దానికీ అదనపు పిన్నులు, బోల్టులు, గొర్రుకి అదనపు కర్రులు.

అవన్నీ హాడోలో దిగిన రోజు నేను రేవుకి వెళ్ళాను. అన్నేళ్ళ సర్వీసులో అందరి సరుకూ దిగడం చూశాను గాని, నా సరుకు దిగడం అదే మొదలు. క్రేను కింద గాలిలో ఎర్ర ట్రాక్టరు నెమ్మదిగా తిరుగుతుంటే నాకు సిగ్గు లేకుండా కళ్ళు చెమర్చాయి.

లారీ ఫెర్రీ దాటి, అడవి దారిలో బండ్లన్నీ కలిపి వదిలే కాన్వాయ్‌లో నిలబడి నిలబడి, మడికి చేరింది. లోయలోవాళ్ళందరూ వచ్చారు. కింది మడి బెంగాలీ ఆయన, ఆ పక్క రాంచీ వాళ్ళు, పై మడి ఆవిడ. టార్పాలిన్లు తీస్తుంటే ఒక్కొక్కటీ చూశారు, బాగున్నాయన్నారు. నేను టీ ఇచ్చాను, లడ్డూ పెట్టాను. పై మడి ఆవిడ ఇంటి పక్కన కొత్తగా వేయించిన షెడ్డులోకి వచ్చి గొర్రు పట్టుకు చూసింది, బ్లేడు మీద చెయ్యేసింది, ట్రాలీ చుట్టూ తిరిగింది.

"అన్నీ తెచ్చీసినారు. బాగుంది, దీదీ," అని లడ్డూ కొంగులో కట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ రాత్రి నాన్న రేకుల ఇంట్లో నాకు హాయిగా నిద్రపట్టింది. నా వస్తువులన్నీ నా షెడ్డులో, నా తాళం కింద ఉన్నాయి.

వానలు పడ్డాయి. మాయాబందర్ బజారు నుంచి ఒక డ్రైవరుని మాట్లాడుకున్నాను. మడి దున్నించాను, తుంగంతా పీకించాను, మూలన నారు పోయించాను. మా ఆయన షాపు వదిలి రాలేక ఫోన్‌లోనే సలహాలిచ్చేవాడు. అంతవరకూ బాగానే జరిగింది. ఒక్కటే వెలితి. నా మడి వైపు ఎవరూ రావడం లేదు.

కోపంతో కాదు. గట్టు మీద ఎదురైతే నవ్వేవారు, తిన్నారా అని అడిగేవారు. కాని నా షెడ్డు దాటి వెళ్ళేవాళ్ళు అడుగు లోపల పెట్టేవారు కాదు. పై మడి నుంచి నీళ్ళు నా మడిలోకి దిగాలి. అందరికీ వేళకి గట్టు తెగేది, నేను మాత్రం వెళ్ళి చెబితేనే తెగేది. చెప్పగానే తెంచేవారు, అందులో లోపం లేదు. ఇక నాట్లు వచ్చాయి. అక్కడ నాట్లకి కూలీలు దొరకరు. ఇవాళ అందరూ కలిసి నీ మడిలో నాటితే, రేపు నువ్వు వెళ్ళి వాళ్ళ మడిలో నాటాలి. రోజూ పొద్దున్నే ఒక గుంపు నా ఇంటి ముందు నుంచే ఎవరో ఒకరి మడికి వెళ్ళేది. నా వంతు ఎప్పుడని కింది మడి ఆయన్ని అడిగాను.

"ఆప్‌కో క్యా చింతా, దీదీ? మీ దగ్గర అన్ని మిషిన్లూ ఉన్నాయి కదా," అన్నాడు. వెటకారమేమో అని మొహంలోకి చూశాను. కాదు, నిజంగానే అలా అనుకుంటున్నాడు.

నారు ముదురుతోంది. ముదిరిన నారు నాటితే దుబ్బు కట్టదు, దుబ్బు కట్టకపోతే పంట లేదు, పంట లేకపోతే సంతకం. నాటే మిషను మాత్రం నా దగ్గర లేదు. ఉంటే ఈ పాఠం ఎప్పటికీ వచ్చేది కాదేమో.

ఒక సాయంత్రం ఒక్కదాన్నే షెడ్డులో కూర్చున్నాను. రేకుల మీద వాన. రోటావేటరు, గొర్రు, బ్లేడు వరసగా కడిగి పెట్టి ఉన్నాయి, పెళ్ళివారు రాని విడిదిలో మంచాల్లాగ. అమ్మ ఉండి ఉంటే చూసి మురిసిపోయేదనుకున్నాను. ఆ వెంటనే, మా ఇంట్లో నాట్లు పడిన రోజులు గుర్తొచ్చాయి. ఎంతమంది వచ్చేవారో. మా గొడ్డలి ఉన్న ఇంటివాళ్ళు, వల ఉన్న ఇంటివాళ్ళు, గునపం ఉన్న ఇంటివాళ్ళు. నాన్న ఎవరినీ పిలవడం నేను చూడలేదు.

గొడుగు తీసుకుని పై మడి ఆవిడ ఇంటికి వెళ్ళాను.

వాళ్ళ వసారాలో ఒక పడాక్ చెక్క దూలం ఉంటుంది. ఎర్రగా, నున్నగా, ఇద్దరు మోస్తే గాని లేవదు. దమ్ము చేశాక ట్రాక్టరు వెనక కట్టి మడి చదును చేస్తారు. వాళ్ళ మామగారు చెక్కినదట.

"ఆ దూలం రెండు రోజులు కావాలి," అన్నాను.

ఆవిడ బియ్యం ఏరుతున్నది ఆపి చూసింది. "మీకు ఇనపది ఉంది కదా, దీదీ?"

"ఉంది."

"పని సేయట్లేదా?"

"చేస్తోంది. అది కాదు, నాకు నీదే కావాలి."

అడుగుతుంటే చెవులు వేడెక్కాయి. ఆవిడ చేటలో ఇంకో రెండు రాళ్ళు ఏరి పారేసింది. తర్వాత లోపలికి చూసి, "ఏయ్, దూలం దించండి, కింది దీదీకి కావాలంట," అని వాళ్ళాయన్ని కేకేసింది. కింది దీదీ అనడం అదే మొదలు. అంతవరకూ నేను పోర్ట్ బ్లెయిర్ దీదీని.

దూలం మోసుకొస్తూ ఆవిడే చెప్పింది. ఆ లోయలో ఒక్కో ఇంటికి ఒక్కో వస్తువు. ఇనుప చక్రాలు ఒకరివి, రోటావేటరు ఒకరిది, నూర్పిడి మిషను రాంచీ వాళ్ళది, దూలం వీళ్ళది. కొత్తగా ఎవరు బండి కొన్నా అందరూ కూర్చుని, లోయలో ఏది తక్కువగా ఉందో అది తెమ్మని చెబుతారు. అలా ఎవరి దగ్గరా అన్నీ ఉండవు, ఎవరికీ ఏదీ లేకుండా పోదు.

"మీకు ట్రాలీ చెబుదామనుకున్నాం. మాకెవరికీ నికరమైన ట్రాలీ లేదు. పోకలు బజారుకి ఏసుకెళ్ళీ వోళ్ళం. ఈలోగా మీరు అన్నీ తెచ్చీసుకున్నారు. దీదీకి మనతో పని లేదు కాబోలని ఊరుకున్నాం," అంది.

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. వానలో రెండూ ఒకేలా ఉంటాయి కనక ఆవిడ గమనించలేదు.

ఫోన్‌లో చెబితే మా ఆయన ఉలిక్కిపడ్డాడు. "ఉన్న బ్లేడు షెడ్డులో పెట్టుకుని కర్రముక్క అడుక్కోవడమేంటే?"

"మీకు అర్థం కాదు, ఊరుకోండి," అన్నాను. నిజం చెప్పాలంటే చదును చేయడంలో ఆ దూలం కంటే నా బ్లేడే మెరుగు. డ్రైవరు దూలాన్ని తిట్టుకుంటూనే లాగాడు.

ఆ మర్నాడు పొద్దున్నే కింది మడి ఆయన గడపలో నిలబడి ట్రాలీ అడిగాడు. ఇచ్చాను. సాయంత్రం రాంచీ వాళ్ళు రోటావేటరు పట్టుకెళ్ళారు. మా ఆయన బర్మా కూడా ఎవరికో కావలసొచ్చింది. ట్రాలీ అయితే ఆ తర్వాత నేను మళ్ళీ చూసింది తక్కువ. దూలం తిరిగివ్వబోతే పై మడి ఆవిడ, "ఉంచండి, కావాలంటే వస్తాం కదా," అంది. ఆ గురువారం అందరూ నా మడిలో దిగారు. నేను అన్నం వండి, చేపలు వేయించి మోసుకెళ్ళాను. మర్నాటి నుంచి నడుం పట్టేసేదాకా నేనూ వాళ్ళ మళ్ళల్లో నాట్లు వేశాను. నా వరస వంకరగా పోయిందని ఆడవాళ్ళంతా నవ్వారు. అంత మంది మధ్య బురదలో నిలబడి తిట్లు తినడం ఎంత బాగుంటుందో మర్చిపోయాను.

కంకులు వంగుతున్న రోజుల్లో అన్నయ్య జీపులో వచ్చాడు. సేటు జవాబు అడుగుతున్నాడట. గట్టు మీద నడుస్తూ మడి చూశాడు. పంట మరీ గొప్పగా లేదు, మూలల్లో నారు ముదిరినచోట పలచగా ఉంది. వాడు కాంట్రాక్టరు, వంక వెతకడం వాడి వృత్తి. ఆ పలచన వాడి కంట పడిందని నాకు తెలిసింది. వాడి వెనకే నడిచాను.

"ఏదీ, నీ కొత్త సామాను చూపించు," అన్నాడు.

షెడ్డు తలుపు తీశాను. లోపల నేల మీద నూనె మరక ఉంది. గోడకి ఆనించి పడాక్ దూలం ఉంది. ఇంకేం లేదు.

"ట్రాక్టరేదే?"

"పై మడివాళ్ళు పట్టుకెళ్ళారు. వాళ్ళ బండి రిపేరులో ఉంది."

"ట్రాలీ?"

"పోకలు వేసుకుని మాయాబందర్ వెళ్ళింది."

"ఆ తిప్పే మిషను?"

"రాంచీ వాళ్ళింట్లో ఉండాలి. లేకపోతే వాళ్ళ పక్కింట్లో."

వాడు దూలం వైపు చూశాడు. "ఇది మనది కాదు కదా?"

"కాదు."

అన్నయ్య దూలం మీద చెయ్యి వేసి పైనుంచి కిందికి నిమిరాడు. వాడు బయటికి వచ్చి జేబులోంచి ఫోన్ తీశాడు. సేటుకే చేశాడు.

"నహీ భయ్యా, ఓ జమీన్ నహీ హోగా," అని ఆ భూమి కుదరదని చెప్పేశాడు. అవతల అతను ఏదో అడిగాడు. "ఖాళీ నహీ హై. ఉధర్ లోగ్ రహ్తే హై."

అక్కడ మనుషులుంటున్నారు అని. ఫోన్ జేబులో పెట్టుకుని, నా మొహం చూడకుండా, చెట్టు కింద రాలిన కొబ్బరికాయ ఒకటి చేతిలోకి తీసుకుని ఊపి చూశాడు.

"గునపం ఉందా, ఒలుస్తాను," అన్నాడు.

"కింది మడి ఆయనింట్లో ఉంది. అక్కడ లేకపోతే ఆ పక్కింట్లో అడుగు," అన్నాను.

కాయ గట్టు మీద పెట్టి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని, వాడే బయల్దేరాడు.